తడిగాలిలో శ్రుతి: డెల్టా ప్రభుత్వ బడుల్లో హార్మోనియం, పియానోల బాగోగులు

గోదావరి డెల్టాలోని ప్రభుత్వ బడిలో సంగీత వాద్యం ఉందంటే అది చాలావరకు హార్మోనియమే అయి ఉంటుంది. పియానో ఉండడం అరుదు; ఉన్నా అది పాత మిషన్ రోజుల నుంచి మిగిలినదో, విదేశంలో స్థిరపడిన పూర్వ విద్యార్థి ఎవరో అభిమానంతో ఇచ్చినదో అయి ఉంటుంది. పియానో ఉక్కు తీగను సుత్తి తాకితే పలికే వాద్యం, హార్మోనియం ఇత్తడి రేకు గాలికి అదిరితే పలికే వాద్యం. నిర్మాణంలో రెండింటికీ పోలిక లేదు. అయినా డెల్టా బడిలో ఈ రెండింటికీ వచ్చే జబ్బుల మూలాలు ఒకటే: గాలిలోని తేమ, తాళం వేసిన గది, స్టాక్ రిజిస్టరు. కొనడానికి డబ్బు దొరకడం కష్టమే గాని ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతుంది. కొన్నదాన్ని శ్రుతిలో నిలపడానికి ఏటా కావలసిన చిన్న మొత్తానికి మాత్రం పద్దు దొరకదు. వాద్యాలు పాడవడానికి పేదరికం కన్నా ఈ లెక్కల తీరే ఎక్కువ కారణం.

ముందు నేల సంగతి చూడాలి. ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ పాయల నడుమా వాటికి ఇరువైపులా పరుచుకున్న ఈ ప్రాంతం, 1852లో ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి, ఏడాదిలో ఎక్కువ నెలలు కాలువ నీటితో తడిసే ఉంటోంది. వరిచేలకు తోడు ఇటీవలి దశాబ్దాల్లో చేపల చెరువులూ రొయ్యల చెరువులూ వచ్చాయి. జూన్‌లో నైరుతి దిగినప్పటి నుంచి గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలైపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలూ తుపాన్లూ ఆ తడిని ఆరనివ్వవు. కాలువలు కట్టేసే వేసవిలో పరిస్థితి తలకిందులవుతుంది. రాజమహేంద్రవరం, తణుకు వైపు మే నెలలో పడమటి వడగాలి వీచిన రోజుల్లో ఎండ 40 డిగ్రీలు దాటి, తలుపులు మూసిన గదిలో చెక్క పెళపెళలాడేంతగా ఎండిపోతుంది. అంతర్వేది, ఓడలరేవు లాంటి తీరపు ఊళ్లలో దీనికి ఉప్పుగాలి తోడవుతుంది. అంటే ఇక్కడ చెక్క ప్రతి ఏటా ఒకసారి ఉబ్బి, ఒకసారి ఎండుతుంది. ఇనుము ఏడాది పొడవునా తుప్పుకు దగ్గరగానే ఉంటుంది. సంగీత వాద్యమంటే స్థూలంగా చెక్కా ఇనుమూ కలిసిన వస్తువే కాబట్టి, మరో చోట పదేళ్లకు వచ్చే లోపం ఇక్కడ మూడేళ్లకే వస్తే ఆశ్చర్యపడనక్కరలేదు.

పియానో ఈ వాతావరణానికి ఎంత సుకుమారమో దాని లోపలి అమరిక చూస్తే అర్థమవుతుంది. 88 మెట్ల పియానోలో దాదాపు 230 ఉక్కు తీగలుంటాయి. మంద్రస్థాయిలో మెట్టుకు ఒకటో రెండో, పై స్థాయిల్లో మెట్టుకు మూడు చొప్పున అమర్చిన ఈ తీగలన్నీ కలిసి లాగే బలం 18 టన్నుల ప్రాంతంలో ఉంటుంది. ఆ లాగుడును భరించేది పోత ఇనుప చట్రం. తీగ ఒక కొసను పట్టి ఉంచేవి గట్టి చెక్కదిమ్మెలో బిగించిన ఉక్కు పిన్నులు. వీణకు బిరడాలు ఎలాగో పియానోకు ఇవి అలాగ, కాకపోతే వీటిని చేత్తో తిప్పడం సాధ్యం కాదు. తీగల కంపనాన్ని గదంతా వినిపించేలా చేసేది వాటి వెనుక ఉండే పలుచని స్ప్రూస్ చెక్క పలక. అది కొద్దిగా విల్లులా వంగి ఉంటుంది. గాలిలో తేమ పెరిగితే ఆ పలక ఉబ్బి, వంపు ఎక్కువై, తీగలను ముందుకు నెడుతుంది, శ్రుతి పెరుగుతుంది. గాలి ఎండితే పలక చదునై శ్రుతి దిగుతుంది. చిక్కేమిటంటే ఈ పెరగడం, తగ్గడం అన్ని స్థాయిల్లో సమానంగా ఉండదు. నడిమి స్థాయిలో ఎక్కువగానూ, అంచుల్లో తక్కువగానూ ఉంటుంది. అందుకే వానలు పట్టాక పియానో మొత్తం ఒకేలా హెచ్చు శ్రుతికి పోకుండా, తనలో తానే పొత్తు కుదరని వాద్యంగా మారుతుంది. తయారీదారులు కోరేది 40, 50 శాతం మధ్య నిలకడగా ఉండే తేమ. డెల్టాలో అది ఏ కొద్ది వారాలో తప్ప దొరకదు.

పియానోను ఏడాదికి రెండుసార్లు శ్రుతి చేయించాలన్నది లోకమంతటా ఉన్న సాధారణ సలహా. బడికి అంత స్తోమత లేక ఒక్కసారే చేయించగలిగితే ఎప్పుడు చేయించాలన్నది ముఖ్యమైన ప్రశ్న. బడి తెరిచే జూన్‌లో చేయించాలని అందరికీ తోస్తుంది, కాని అది డబ్బు కాలువలో పోయడమే. ఎండిన చెక్క మీద కుదిర్చిన శ్రుతి, వానలు పట్టిన నెల రోజుల్లో చెదిరిపోతుంది. తేమ ఒక స్థాయికి చేరి నిలకడ పడ్డాకనే పని చేయించాలి. వానలు ముగిసి, చలిగాలి మొదలైన డిసెంబరు చివరి వారంలోనో, సంక్రాంతి సెలవుల తర్వాతో చేయిస్తే గణతంత్ర దినానికీ, ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చే వార్షికోత్సవాలకూ వాద్యం అక్కరకు వస్తుంది. రెండోసారికి డబ్బుంటే ఆగస్టు సరైన నెల.

ఏళ్ల తరబడి వదిలేసిన పియానో విషయం వేరు. దాని శ్రుతి ఒక అరస్వరం, అంటే పక్కపక్క మెట్ల మధ్య ఉండే తేడా అంత, దిగిందనుకుందాం. తిరిగి, నడిమి స్థాయిలోని ‘ఎ’ స్వరానికి పెట్టిన 440 హెర్ట్జ్‌ల ప్రమాణానికి తేవాలంటే ప్రతి తీగ కంపన సంఖ్యను దాదాపు 6 శాతం పెంచాలి. తీగ బిగువు కంపన సంఖ్య వర్గాన్ని అనుసరిస్తుంది కనుక బిగువు 12 శాతం పెరగాలి. 18 టన్నుల మీద 12 శాతమంటే చట్రం మీదా పలక మీదా అదనంగా రెండు టన్నులకు పైగా భారం. తుప్పు పట్టిన పాత తీగలు ఈ బిగింపులోనే పుటుక్కున తెగుతాయి. తెగకపోయినా ఒక వరుస బిగించేసరికి ముందు బిగించిన వరుస దిగిపోతుంది. అందువల్ల మొదట ముతకగా ఒకసారి, తర్వాత సన్నగా ఒకసారి పని చేయాలి. శ్రుతి చేసే ట్యూనర్ రెండింతల కూలి అడిగితే అది అన్యాయం కాదని ప్రధానోపాధ్యాయుడికి ముందుగా తెలిసి ఉండాలి. శ్రుతి చేయించని ఏళ్లలో మిగిలినట్టు కనిపించిన డబ్బు ఇలా ఒక్కసారిగా వసూలవుతుంది.

పైగా ట్యూనర్ దగ్గర్లో దొరకడు. ఎక్కువ సందర్భాల్లో హైదరాబాద్, చెన్నై వంటి నగరాల నుంచి రాత్రంతా రైల్లో ప్రయాణం చేసి రావాలి. పని ఖర్చు కన్నా రానుపోను ఖర్చు, బస ఖర్చు ఎక్కువవుతాయి. ఈ ఇబ్బందికి మొబైల్ ఫోన్ యాప్‌లు పరిష్కారమని కొందరు అనుకుంటున్నారు. శ్రుతి ఎంత తప్పిందో కొలవడానికి అవి నిజంగానే పనికివస్తాయి. నెలకొకసారి మధ్యస్థాయిలో ఏ నాలుగు మెట్లనో వాయించి, ఎన్ని సెంట్లు ఎక్కిందో దిగిందో నోటుపుస్తకంలో రాసుకుంటే ఏడాది తిరిగేసరికి ఆ పియానో నాడి తెలిసిపోతుంది. అరస్వరంలో నూరో వంతును సెంటు అంటారు. అయితే కొలవడం వేరు, తిప్పడం వేరు. పిన్నును తిప్పే తాళంచెవి చేతికి అలవాటు లేని మనిషి, పిన్నును తిప్పుతున్నాననుకుంటూ వంచుతాడు. వంగిన పిన్ను చుట్టూ చెక్క రంధ్రం వదులై, తర్వాత ఎంత నిపుణుడు బిగించినా శ్రుతి ఆగదు. ఒకే మెట్టుకు ఉన్న మూడు తీగల్లో ఒకటి దిగితే, మిగతా రెండింటిని రబ్బరు ముక్కతో అదిమి, ఆ ఒక్కదాన్నే కలపడం మాత్రం ఓర్పున్న ఉపాధ్యాయుడు ఒక ట్యూనర్ పక్కన కూర్చుని నేర్చుకోగల పని. రెండు తీగలు దాదాపు కలిసినప్పుడు వినిపించే ‘వావ్, వావ్’ అనే ఊగుడు నెమ్మదించి ఆగిపోతే శ్రుతి కలిసినట్టే. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో విస్పందనాలని చదివేది దీన్నే. బోర్డు మీద కన్నా పియానో దగ్గర ఆ పాఠం త్వరగా బోధపడుతుంది.

తేమ నుంచి కాపాడడానికి ఉక్క దేశాల్లో పాతకాలపు ఉపాయం ఒకటుంది: నిలువు పియానో కింది భాగంలో చిన్న ఫిలమెంట్ బల్బు వెలిగించి ఉంచడం. గాలి వేడెక్కినకొద్దీ అదే నీటి ఆవిరికి సాపేక్ష తేమ తగ్గుతుంది. లోపలి గాలి బయటికన్నా 5 డిగ్రీలు వేడిగా ఉంటే 80 శాతం తేమ దాదాపు 60 శాతానికి దిగుతుంది. 25 వాట్ల బల్బు రాత్రింబగళ్లు వెలిగితే నెలకు 18 యూనిట్లు కాలుతుంది, ఇది భరించలేని ఖర్చేమీ కాదు. కాని బల్బు చెక్కకూ ఫెల్టుకూ తగలకుండా కంచె ఉండాలి, వైరింగు నమ్మదగినదై ఉండాలి, రాత్రి కాపలా ఉండాలి. ఈ మూడూ లేని బడిలో ఈ ఉపాయం జోలికి వెళ్లకపోవడమే మంచిది. వేసవిలో అయితే అసలు కూడదు. ఈ మధ్య ఎల్‌ఈడీ బల్బు పెట్టి అదే ఫలితాన్ని ఆశించేవారూ ఉన్నారు; వేడి చాలా తక్కువగా ఇవ్వడమే ఎల్‌ఈడీ గొప్పదనం కాబట్టి అది పియానో లోపల వెలుగు తప్ప పనికొచ్చేంత వేడి ఇవ్వదు.

ఇవన్నీ లెక్క వేసుకుంటే, ఉచితంగా వచ్చే పియానో బడికి అన్నిటికన్నా ఖరీదైన కానుక. దాతను నొప్పించడం ఇష్టం లేక పుచ్చుకుని, తర్వాత దాన్ని దస్తాలు పెట్టుకునే బల్లగా వాడడం కన్నా, పుచ్చుకునే ముందే రెండు సంగతులు చూసుకోవడం మర్యాద: పిన్నులు గట్టిగా ఉన్నాయా, తీగలకు తుప్పు ఎంత ఉంది. దాత నిజంగా ఉదారుడైతే వాద్యంతో పాటు అయిదేళ్ల శ్రుతి ఖర్చునూ ఇమ్మని అడగడంలో సిగ్గుపడాల్సింది లేదు. అది కుదరనప్పుడు ఆ సొమ్ములో కొంతతో రెండు మంచి హార్మోనియంలు కొనిపించుకోవడం డెల్టాకు తగిన నిర్ణయం.

ఎందుకంటే హార్మోనియంకు ఇక్కడ వైద్యులున్నారు. 1840ల తొలినాళ్లలో పారిస్‌లో అలెగ్జాండర్ దెబేన్ పేటెంటు పొందిన ఈ వాద్యం, కాళ్లతో తొక్కే రూపంలో మిషనరీలతో పాటు భారతదేశానికి వచ్చింది. 1875 ప్రాంతంలో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని నేల మీద కూర్చుని చేత్తో గాలి కొట్టే పెట్టెగా మార్చాక దేశమంతా పాకింది. 1830ల చివరలో నరసాపురం చుట్టుపక్కల, 1874 నుంచి కెనడియన్ బాప్టిస్టుల రాకతో కాకినాడలో బలపడిన మిషన్లు ఒకవైపు, పద్యనాటక సమాజాలూ భజన మండళ్లూ మరోవైపు, ఈ పెట్టెను డెల్టాలో ఇంటింటా తెలిసిన వాద్యంగా చేశాయి. స్వరాల నడుమ జారుళ్లూ గమకాలూ పలకవన్న కారణంతో ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దీన్ని దూరం పెట్టింది. శాస్త్రీయ సంగీత విద్వాంసులకు ఆ అభ్యంతరం సబబే కావచ్చు గాని, రాగం తీసి పద్యం ఎత్తుకునే నటుడికి హార్మోనిస్టు లేకపోతే తెర లేవదు. ఆ నాటకాల వల్లనే హార్మోనియం విప్పి బిగించగల చేతులు రాజమహేంద్రవరం, కాకినాడ, పాలకొల్లు వంటి ఊళ్లలో తరతరాలుగా నిలిచాయి. వారి సంఖ్య తగ్గుతున్నమాట నిజమే. అయినా ట్యూనర్ కోసం రైలెక్కాల్సిన అవసరం లేదు, బస్సు చాలు.

బడి హార్మోనియం సాధారణంగా మూడు, మూడున్నర స్థాయిలది. ప్రతి మెట్టు కింద ఒకటి, రెండు లేక మూడు వరుసల రీడ్లు ఉంటాయి. రీడంటే ఒక ఇత్తడి పలకలో కోసిన సన్నని గాడి, ఆ గాడి మీద ఒక కొసన రివెట్ చేసిన ఇత్తడి నాలుక. గాలి ఆ గాడి గుండా పోతున్నప్పుడు నాలుక అంచులకు తగలకుండా లోపలికీ బయటికీ అదరాలి. నాలుకకూ గాడి అంచుకూ మధ్య ఉండే సందు వెంట్రుకంత. ఆ సందులో ధూళి రేణువో, పురుగు రెక్కో ఇరుక్కుంటే స్వరం మూగబోతుంది, లేదా జుయ్యిమంటుంది. బడుల్లో ‘పాడైపోయింది’ అని పక్కన పెట్టిన హార్మోనియంలలో కొన్నింటి జబ్బు ఇంతే. మూత తీసి, పలుచని కాగితం ముక్కను నాలుక కిందుగా జార్చి లాగితే స్వరం తిరిగి పలుకుతుంది. గుండుసూది మాత్రం వాడకూడదు. నాలుక వంపు పోతే రీడు మార్చవలసిందే.

శ్రుతి దిద్దడం ఇంకొంచెం నైపుణ్యం కోరే పని. నాలుక కొసను ఆకురాయితో సన్నగా రుద్దితే కొస బరువు తగ్గి శ్రుతి పెరుగుతుంది. రివెట్ దగ్గర రుద్దితే అక్కడ బిగువు తగ్గి శ్రుతి దిగుతుంది. సూత్రం ఇంత సులువు కాబట్టే ప్రమాదం. రుద్దిన ఇత్తడి తిరిగి రాదు. ఎక్కువ రుద్ది, సరిదిద్దడానికి రెండో వైపు రుద్ది, మళ్లీ మొదటి వైపు రుద్దిన రీడ్లు చివరకు కాగితంలా పలచబడి, కొద్ది నెలల్లో విరుగుతాయి. అనుభవం ఉన్న మేస్త్రి ముందు రీడును శుభ్రం చేసి, మరలు బిగించి, గాలి లీకు లేదని రూఢి చేసుకున్నాకే ఆకురాయి తీస్తాడు; శ్రుతి తప్పిందనుకున్న స్వరాల్లో కొన్ని ఆ మొదటి పనులతోనే దారికొస్తాయి. వచ్చీరాగానే ఆకురాయి చేతబట్టే మనిషికి పెట్టె అప్పగించకపోవడం మేలు.

గాలి లీకు అసలైన శత్రువు. దాన్ని కనిపెట్టడానికి పరికరం అక్కరలేదు. గాలి దారులను తెరిచి మూసే నాబులన్నీ మూసి, తిత్తిని నిండుగా కొట్టి వదిలేయాలి. లోపలి తిత్తి నెమ్మదిగా, చాలాసేపు దిగకుండా నిలిస్తే పెట్టె ఆరోగ్యంగా ఉన్నట్టు. నాలుగైదు అంకెలు లెక్కపెట్టేలోగా కూలబడితే ఎక్కడో చిల్లు ఉన్నట్టు. తిత్తి మడతల దగ్గర తోలు చిట్లడం, మెట్ల కింది ఫెల్టు అరగడం, వేసవిలో రీడ్ల బోర్డు జాయింట్లు విచ్చుకోవడం, బొద్దింకలు జిగురు తినేయడం, ఎలుకలు తిత్తిని కొరకడం మామూలు కారణాలు. మెట్టు నొక్కకుండానే స్వరం మోగుతుంటే దాని స్ప్రింగు తుప్పు పట్టి బలం కోల్పోయిందని అర్థం. తీరపు బడుల్లో ఇది ఎక్కువ. వీటికి కావలసిన తోలు ముక్క, ఫెల్టు, ఇత్తడి మర, స్ప్రింగు ఏవీ ఖరీదైనవి కావు. ఖర్చంతా మనిషి రాకపోకలదీ, కూలిదీ.

నిల్వ చేసే చోటు గురించి బడులు తగినంత ఆలోచించవు. ఖాళీగా ఉందని సైన్స్ లేబరేటరీలో పెడతారు. సీసా మూతల సందుల నుంచి వచ్చే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి ఇనుమునూ ఇత్తడినీ మెల్లగా తింటుంది. మధ్యాహ్న భోజనం బియ్యం ఉంచే గదిలో పెడితే ఎలుకలకు భోజనంతో పాటు నివాసమూ దొరుకుతుంది. వాన కొట్టే పడమటి గోడకు ఆనించినా, కారే శ్లాబు కింద ఉంచినా ఫలితం ఒకటే. లోపలి గోడ పక్కన, నేలకు జానెడు ఎత్తున, చెద ఎక్కని బల్ల మీద ఉంచి, పాత నూలు దుప్పటి కప్పాలి. పాలిథిన్ పట్టా కప్పితే దుమ్ము ఆగుతుంది గాని లోపలి తేమ బయటికి పోదు. పెట్టెలో సిలికా జెల్ సంచి ఉంచి, రంగు మారినప్పుడల్లా గింజలను వేడి చేసి తిరిగి వాడవచ్చు. తేమ పీల్చడానికి గుప్పెడు బియ్యం పోసి ఉంచే అలవాటు అక్కడక్కడా ఉంది, దానివల్ల తేమ సంగతేమో గాని పురుగు తప్పకుండా చేరుతుంది. కలరా ఉండలు చిమ్మటలను ఆపుతాయి. వాటిని గుడ్డలో కట్టి ఫెల్టుకు తగలకుండా, పిల్లల చేతికి అందకుండా పెట్టాలి.

ఇన్ని జాగ్రత్తల కన్నా ఎక్కువ పనిచేసేది రోజూ వాయించడం. రోజుకు పది నిమిషాలు గాలి ఆడే హార్మోనియంలో ధూళి నిలవదు, పురుగు కాపురం పెట్టదు, తోలు మెత్తదనం పోగొట్టుకోదు. అన్నిటికీ మించి, లోపం తలెత్తిన రోజే తెలుస్తుంది. ఉదయం ప్రార్థనకు వాడే పెట్టె ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఏడాదికి రెండుసార్లు, ఆగస్టు 15కూ జనవరి 26కూ, బీరువాలోంచి బయటికి తీసే పెట్టె ముందు పాడవుతుంది. ఇది తెలియక కాదు బడులు దాచిపెట్టేది. స్టాక్ రిజిస్టరులో వాద్యం ఒక ఉపాధ్యాయుడి పేరు మీద ఉంటుంది. పిల్లల చేతిలో విరిగితే ఆయన సంజాయిషీ చెప్పుకోవాలి; బీరువాలో దానంతట అదే పాడైతే ఎవరూ అడగరు. కాబట్టి తాళం కలిసి నడవాల్సిన పెట్టెకు తాళం పడుతుంది. రిజిస్టరులో వస్తువు ‘ఉందా, లేదా’ అన్న గడి ఉంటుంది గాని ‘పలుకుతోందా’ అన్న గడి ఉండదు. ఏటా సరుకు సరిచూసే రోజున ప్రతి మెట్టూ నొక్కి, పలకని స్వరాల సంఖ్య రాయాలన్న ఒక్క నిబంధన పెడితే, అదనంగా రూపాయి ఖర్చు లేకుండా, ఈ ధోరణి మారడం మొదలవుతుంది.

ఇక డబ్బు. 2018లో మొదలైన సమగ్ర శిక్ష అనే కేంద్ర ప్రాయోజిత పథకంలో బడి మొత్తం అవసరాలకు విద్యార్థుల సంఖ్యను బట్టి కాంపోజిట్ గ్రాంటు ఇస్తారు. 101 నుంచి 250 మంది ఉంటే ఏడాదికి 50,000 రూపాయలు, 251 నుంచి 1,000 మంది దాకా ఉంటే 75,000. అందులో కనీసం పదో వంతు పారిశుద్ధ్యానికి పోవాలి. మిగిలినదాంట్లో సుద్దముక్కలు, కరెంటు బిల్లు, ఇంటర్నెట్టు, తాగునీరు, విరిగిన పరికరాల మార్పు అన్నీ సర్దుకోవాలి. ఆటలకు విడిగా గ్రాంటు ఉంది; ఉన్నత పాఠశాలకు 25,000 వరకు. గ్రంథాలయానికీ విడిగా ఉంది. వాద్యాల పోషణకు అలాంటి పద్దు లేదు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందకు మించి పిల్లలున్న బడికి కళావిద్యలో పార్ట్‌టైం బోధకుడు ఉండాలంటోంది. 2015 నుంచి కళా ఉత్సవ్ పోటీలు జరుగుతున్నాయి. మనిషి గురించీ పోటీ గురించీ ఆలోచించిన విధానం, ఆ మనిషి చేతిలోని పెట్టె గురించి ఆలోచించలేదు.

అయినా కాంపోజిట్ గ్రాంటులో దారి మూసుకుపోలేదు. బడిలో పనిచేయని పరికరాల మార్పు ఆ గ్రాంటు ప్రయోజనాల్లో ఉంది కాబట్టి, యాజమాన్య కమిటీ తీర్మానంతో 50,000లో రెండు శాతం, అంటే ఏడాదికి 1,000 రూపాయలు, వాద్యాల కోసమని ముందుగానే కేటాయించుకోవచ్చు. ఒక్క బడికి ఆ వెయ్యి దేనికీ చాలదు. మేస్త్రి కాకినాడ నుంచి లంక గ్రామానికి బస్సెక్కి, రేవు దాటి వచ్చి, ఒక పెట్టె చూసి వెళ్తే ఆ డబ్బు దారిఖర్చుకూ భోజనానికీ సరిపోతుంది. ఒక స్కూల్ కాంప్లెక్స్ పరిధిలోని అయిదారు బడులు కలిసి పిలిస్తే లెక్క మారుతుంది. పెట్టెలన్నీ కాంప్లెక్స్ కేంద్రమైన ఉన్నత పాఠశాలకు చేర్చి, రెండు రోజులు మేస్త్రిని కూర్చోబెడితే, రాకపోకల భారం పంచుకున్నట్టవుతుంది. ఒక పెట్టెలో విరిగిన రీడుకు మరో పెట్టెలో మిగులు రీడు దొరుకుతుంది. సంగీతం తెలిసిన ఉపాధ్యాయులు పక్కన కూర్చుని చిన్న మరమ్మతులు నేర్చుకుంటారు. ఊరి చర్చివారో భజన మండలివారో తమ పెట్టెను కూడా తెచ్చి కూలిలో పాలు పంచుకుంటే ఇంకా మంచిది. పియానో ఉన్న బడి కూడా, ట్యూనర్‌ను పిలిచేటప్పుడు, దగ్గరి పట్టణంలో పియానో ఉన్న సంస్థలతో ముందే మాట్లాడుకుని ఒకే ప్రయాణంలో పని ముగించుకోవాలి.

ఇక్కడ ఒక ముడి ఉంది. 2021 జూలైలో కేంద్ర ప్రాయోజిత పథకాల డబ్బు ఒకే నోడల్ ఖాతా పద్ధతికి మారింది. చెల్లింపు అందుకునేవారి బ్యాంకు ఖాతాకే నేరుగా వెళ్లాలన్నది దాని ఉద్దేశం. దుర్వినియోగాన్ని అరికట్టడానికి ఇది మంచి ఏర్పాటే. కాని డెబ్భై ఏళ్ల హార్మోనియం మేస్త్రి దగ్గర ముద్రించిన బిల్లు పుస్తకం ఉండదు, దుకాణం పేరు ఉండదు. పని అయిన రోజే కూలి చేతికి రావాలని ఆయన కోరుకోవడం సహజం. ఫలితంగా ప్రధానోపాధ్యాయుడు తన జేబులోంచి ఇచ్చి ఊరుకుంటాడు, లేదా మరమ్మతు మానేసి, బిల్లు ఇవ్వగల దుకాణంలో కొత్తది కొనడానికి నిధి కోసం ఎదురుచూస్తాడు. మరమ్మతు కన్నా కొనుగోలు సులువయ్యేది ఇలాగే. కూలి పనికి చేతిరాత రశీదు, బ్యాంకు ఖాతా నంబరు, కమిటీ సభ్యులిద్దరి ధ్రువీకరణ చాలునని జిల్లా స్థాయిలో ఒక స్పష్టమైన ఉత్తర్వు ఉంటే ఆ ముడి చాలావరకు విడుతుంది.

హార్మోనియంకు బదులు ఎలక్ట్రానిక్ కీబోర్డు కొంటే ఈ గొడవలేవీ ఉండవన్న వాదన బలంగా ఉంది. దానికి శ్రుతి తప్పదు, పిల్లలకూ ముచ్చటే. కాని కరెంటు హెచ్చుతగ్గులకు అడాప్టరు కాలుతుంది, ఉప్పుతేమకు మెట్ల కింది రబ్బరు స్పర్శలు చెడతాయి, ఆ మోడల్ విడిభాగాలు కొన్నేళ్లకే దొరకవు. ఉదయం వేళ కరెంటు పోతే ప్రార్థన మూగబోతుంది. డెబ్భై ఏళ్ల నాటి హార్మోనియం ఈ రోజు పలకడం డెల్టాలో వింత కాదు; ఇరవై ఏళ్ల నాటి కీబోర్డు పలకడం వింతే.

తుపానూ వరదా వచ్చినప్పటి సంగతి విడిగా చెప్పాలి. 1986 ఆగస్టు వరదను, 1996 నవంబరు 6 నాటి కోనసీమ తుపానును చూసిన ప్రాంతమిది. బడులే పునరావాస కేంద్రాలవుతాయి కనుక, ఆ హడావుడిలో వాద్యాలు వరండాలోకి చేరతాయి. హెచ్చరిక రాగానే పెట్టెను మేడ మీది గదిలో బీరువా పైకి ఎక్కించడం ఒక్క మనిషి చేయగల పని. తడిసిన హార్మోనియంను వెంటనే ఎండలో పెడితే చెక్క చీలుతుంది, జిగురు ఊడుతుంది. మూత తీసి, నీడలో, గాలి తగిలే చోట, వారం పది రోజులు నెమ్మదిగా ఆరనివ్వాలి; అప్పటిదాకా తిత్తి కొట్టకూడదు, ఎందుకంటే తడి మడతలు అప్పుడే చిరుగుతాయి. ఇత్తడి రీడ్లకు నీటివల్ల పెద్ద హాని ఉండదు, బురద ఎండి గట్టిపడకముందే మంచినీటితో కడిగి ఆరబెడితే చాలు. మునిగిన పియానో మాత్రం తిరిగి రాదనే అనుకోవాలి.

చివరికి బాగుచేయడానికి వీల్లేని పెట్టెను కండెమ్ చేసి వేలం వేస్తారు. తూకానికి అమ్మే ఆ పాత చెక్కలో నిజమైన విలువ ఉన్నది రీడ్లకే. పాత రీడ్లలో ఇత్తడి నాణ్యం బాగుంటుందని మేస్త్రులు వాటిని ఏరి దాచుకుంటారు. కండెమ్నేషన్ జాబితా మీద సంతకం పెట్టకముందే రీడ్లు, ఇత్తడి మరలు, బాగున్న స్ప్రింగులు ఊడదీసి, ఏ స్వరానిదో చీటీ రాసి, ఒక డబ్బాలో వేసి, కాంప్లెక్స్ కేంద్రంలోని బీరువాలో ఉంచి, ఆ డబ్బాను కూడా స్టాక్ రిజిస్టరులో ఎక్కించాలి.